స్ట్రాంగ్‌హోల్డ్ క్రూసేడర్: పన్ను ఎంత వేస్తే జనం ఊరొదలకుండా ఉంటారు?

మారతహళ్లి_మొనగాడు · శనివారం రాత్రి 11.48

అందరికీ నమస్తే. ఇక్కడ కొత్తవాణ్ణి, కాస్త చూసీచూడనట్టు పోండి. వారాంతం వస్తే మా పీజీలో నలుగురం లాప్‌టాప్‌లు కేబుల్‌తో కలిపి స్ట్రాంగ్‌హోల్డ్ క్రూసేడర్ ఆడుకుంటాం, కోట కట్టి ఊరు నడిపి యుద్ధాలు చేసే ఆట. 2002 నాటి గేమ్ ఇంకా ఏంట్రా అని పక్క రూమువాళ్ళు నవ్వుతారు. మా లాప్‌టాప్‌లకి అంతకన్నా ఎక్కదు మరి.

నా గోల ఇది. పన్ను తీసేస్తే పాపులారిటీ, అంటే జనానికి మన మీదున్న ఇష్టం, చకచకా వందకి ఎక్కుతుంది, జనం బిలబిలా వచ్చేస్తారు. 80 మంది అయ్యాక పన్ను యావరేజ్‌లో పెడతాను. ఇక అక్కణ్ణుంచి జారుడే. ఏడాది తిరక్కుండా 50 కిందకి పోతుంది. పుస్తకం పట్టుకుని కూర్చునే ఆ గుమాస్తా మొహం మాడుతుంది, ముందు వేటగాడు పనిమాని పోతాడు, వెనకే చీజ్ చేసేవాడు. పన్ను వేస్తే ఊరు ఖాళీ, తీస్తే ఖజానా ఖాళీ. అసలు ఎంత దాకా వేయొచ్చో చెప్పండి.

పీకుడు_ప్రభువు · 11.55

ఎంతైనా వేయి. పోయేవాడు పోతాడు, కొత్తవాడొస్తాడు.

కోట_కాపరి · 12.10

ప్రభువు గారి మాట పక్కన పెట్టు తమ్ముడూ. రేటు తర్వాత. ముందు పాపులారిటీ రిపోర్టు తెరిచి, ఒక్కో వరస ఎదురుగా ఏ అంకె ఉందో ఇక్కడ రాయి. పన్ను అందులో ఒక వరస మాత్రమే.

మారతహళ్లి_మొనగాడు · 12.16

రాస్తున్నా అన్నా. రేషన్ నార్మల్, అది 0. తిండి రెండు రకాలు, ఆపిల్, చీజ్, కాబట్టి +1. ఏల్ (బీరు) లేదు, 0. చర్చి లేదు, 0. ఫియర్ ఫ్యాక్టర్ (ఊళ్ళో భయం) -3. ట్యాక్స్ -4. కింద మొత్తం -6.

ఉరికంబాలు పెడితే పని ఎక్కువ జరుగుతుందని ఎవరో వీడియోలో చెబితే, పన్ను వేసినప్పుడే అవీ పెట్టాను.

కోట_కాపరి · 12.41

ఇంకేం, రోగం అక్కడే రాసుంది. నెలకి ఆరు చొప్పున వంద నుంచి దిగితే ఎనిమిది నెలలకి 52, తొమ్మిదో నెలకి 46. 50 దిగితే జనం మూట సర్దేస్తారు. నువ్వు పన్ను ఒక్కదాన్నే చూస్తున్నావు. పన్ను తీసేది నాలుగు, ఉరికంబాలు తీసేది మూడు. పన్ను 'లో' అనే కింది మెట్టుకి దించినా -2, మొత్తం -4, జారుడు ఆగదు. అదే ఉరికంబాలూ పెంటగుంటలూ పీకేసి, పన్ను లో-లో పెట్టి, మూడో రకం తిండి గ్రానరీ (తిండి గాదె)లోకి వచ్చేలా చూస్తే +2, -2, చెల్లుకి చెల్లు. పాపులారిటీ ఎక్కడుంటే అక్కడే నిలుస్తుంది.

ఈ గేమ్‌లో పన్ను ఆఖరున తేల్చుకునేది. ముందు ఊరికి ఏం ఇవ్వగలవో చూసుకో: తిండి రకాలు, రేషన్, ఏల్, చర్చి, తోటలు. వాటి మొత్తం ఎంతో, పన్ను అంత. అప్పు తెచ్చి పండగ చేసినట్టు పన్ను ముందు వేసి తర్వాత సంతోషం వెతుక్కుంటే ఇలాగే ఉంటుంది.

పోతే, ఆ వీడియోవాడు చెప్పింది అబద్ధం కాదు. చెడ్డ వస్తువులు పెడితే ఒక్కో మెట్టుకి పని పది శాతం పెరుగుతుంది, మంచివి (తోట, కొలను, మేపోల్, నాట్యమాడే ఎలుగుబంటి) పెడితే పది శాతం తగ్గుతుంది. అయిదు మెట్లు అటు, అయిదు ఇటు. ఊరు పెరిగేకొద్దీ ఆ నాలుగు ఉరికంబాలే సరిపోవు, మెట్టు నిలబెట్టాలంటే ఇంకా కట్టాలి. నాకైతే ఆయుధాలు చేసే దశలో భయమే ఇష్టం. కానీ ఏల్ లేనివాడికి ఉరికంబం కట్టే హక్కు లేదు.

హాప్స్_రైతు · ఆదివారం ఉదయం 7.20

ఏల్ అన్నారు కాబట్టి వచ్చాను. ఇది నా పేట.

జనంలో పావు వంతుకి ఏల్ అందితే +2, సగానికి +4, ముప్పావుకి +6, అందరికీ అందితే +8. ఒక్కో ఇన్ (ఏల్ పోసే సత్రం) ముప్పై మందికి సరిపోతుంది. తమ్ముడి ఊళ్ళో 80 మంది కాబట్టి మూడు ఇన్‌లు కట్టాలి. ఇంతవరకు అందరికీ తెలుసు. ఎవరూ చూడనిది దూరం. హాప్స్ (ఏల్‌కి కావాల్సిన పంట) తోటవాడు మూట మోసుకొచ్చి, సరుకులు పోగేసే స్టాక్‌పైల్‌లో వేస్తాడు. బ్రూవరీవాడు అక్కడికి నడిచొచ్చి మూట పట్టుకెళ్తాడు, ఏల్ కాచి పీపా మళ్ళీ తెచ్చి స్టాక్‌పైల్‌లోనే దించుతాడు. ఇన్‌వాడు వచ్చి ఆ పీపా దొర్లించుకుపోతాడు. అంటే నడక అంతా స్టాక్‌పైల్ చుట్టే. బ్రూవరీని కోట గోడ దగ్గర పెట్టావనుకో, హాప్స్ కుప్పలు పడి ఉంటాయి, ఇన్ ఎండిపోయి ఉంటుంది. నేను స్టాక్‌పైల్‌కి ఒక పక్క బ్రూవరీ, ఆనుకునే ఇన్ పెడతాను. గుడిసెలు ఎంత దూరం పోయినా నష్టం లేదు, తాగేవాడు నడిచే వస్తాడు.

క్రూసేడర్‌లో ఇంకో మెలిక ఉంది. తోటలకి పచ్చగడ్డి నేల కావాలి, ఎడారి మ్యాప్‌లో అది కొంచెమే. హాప్స్ వేస్తే గోధుమకి చోటు ఉండదు, గోధుమ వేస్తే హాప్స్‌కి ఉండదు. నా ఓటు హాప్స్‌కే. తిండి మార్కెట్లో కొనుక్కోవచ్చు, ఏల్ ఇచ్చే +8కి సాటిగా రెట్టింపు రేషన్ ఉంది గానీ, అది గ్రానరీని కరకరా నమిలేస్తుంది.

పీకుడు_ప్రభువు · 9.05

ఇంత వ్యవసాయం ఎందుకయ్యా. నా పద్ధతి చూడు. పాపులారిటీ వందకి రాగానే పన్ను ఆఖరి మెట్టు ఎక్కిస్తా. తలకి రెండు బంగారు నాణేలు. 50 దగ్గరికి వచ్చేలోపు దించేసి లంచం పెడతా, అంటే జనానికే ఎదురు డబ్బులిస్తా. మళ్ళీ వంద. మళ్ళీ పీకుడు. పైకీ కిందకీ ఆడిస్తూ ఉంటే ఖజానా నిండుతుంది.

లెక్కల_పిచ్చి · 10.30

ప్రభువు గారూ, ఈ మాట చాలాచోట్ల చదివాను, ఎవరూ లెక్క మాత్రం వేయరు. నేను వేస్తాను.

పన్ను లేకపోతే పాపులారిటీకి +1, రాబడి సున్నా. లో అయితే -2, తలకి 0.6. యావరేజ్ -4, 0.8. హై -6, 1.0. మీన్ -8, 1.2. ఆ పైన ఎక్స్‌టార్షనేట్ -12, 1.4. ఇంకా పైన మూడు మెట్లు, -16, -20, -24, రాబడి 1.6, 1.8, 2.0. లంచం వైపు +3, +5, +7 వస్తాయి, తలకి 0.6, 0.8, 1.0 చొప్పున మన జేబులోంచి పోతాయి.

ఇప్పుడు ఒక్కో పాయింటుకి ఏం దక్కుతుందో చూడండి. సున్నా నుంచి లో-కి వెళ్తే మూడు పాయింట్లు పోయి 0.6 వస్తుంది, పాయింటుకి 0.2. అక్కణ్ణుంచి మీన్ దాకా రెండేసి పాయింట్లకి 0.2, అంటే పాయింటుకి 0.1. మీన్ దాటాక నాలుగేసి పాయింట్లకి అదే 0.2, పాయింటుకి 0.05. పైకి పోయేకొద్దీ జనం కోపం రెట్టింపు, మనకి వచ్చేది అదే చిల్లర.

మీ పద్ధతి నూరు మంది మీద వేద్దాం, మిగతా వరసలన్నీ సున్నా అనుకుని. ఆఖరి మెట్టు రెండు నెలలు: 400 బంగారం వచ్చింది, పాపులారిటీ 52. తిరిగి వందకి తేవాలంటే పెద్ద లంచంతో నెలకి ఏడు, దాదాపు ఏడు నెలలు, 700 బంగారం. తొమ్మిది నెలలు పాలించి 300 పోగొట్టుకున్నారు.

పీకుడు_ప్రభువు · 10.44

నా దగ్గర ఏల్ ఉంది, తిండి నాలుగు రకాలూ ఉన్నాయి. +11తో మొదలుపెడతా. అది కలపలేదు మీరు.

లెక్కల_పిచ్చి · 11.20

కలుపుదాం. +11 ఉంటే ఆఖరి మెట్టు మీద నెలకి -13. మూడు నెలలకి 61, వచ్చింది 600. ఇక దించి పన్ను తీసేస్తే నెలకి +12, వందకి చేరడానికి నాలుగు నెలలు, రాబడి సున్నా. ఏడు నెలలకి 600. నెలకి 86 కూడా లేదు.

అదే +11తో మీన్ పెట్టి కదలకుండా కూర్చుంటే నెలకి 120, పైగా పాపులారిటీ +3 పెరుగుతూ ఉంటుంది. వంద మీద ఇంక పెరగదు కాబట్టి ఆ +3 వృథా. అందుకని మూడు నెలలు ఎక్స్‌టార్షనేట్ (నెలకి -1), ఒక నెల మీన్ (+3). నాలుగు నెలలకి మొత్తం సున్నా, రాబడి సగటున 135. ఆడించాలంటే పక్కపక్కనున్న రెండు మెట్ల మధ్య ఆడించాలి. పాతాళానికీ ఆకాశానికీ మధ్య ఊగితే నష్టం మనకే.

అసలు వంద దగ్గర ఉన్నవాళ్ళు మొదటి యాభై నెలలూ ఎక్స్‌టార్షనేట్ నుంచి దించక్కర్లేదు. నెలకి ఒకటి తగ్గితే 50కి రావడానికి అంత కాలం పడుతుంది. ఆట ఆలోపు అయిపోతుంది.

కోట_కాపరి · 11.32

లెక్కల అక్కకి దండం. పాపులారిటీ వంద మీద కూర్చుని ఆకుపచ్చ అంకె చూసి మురిసిపోయేవాళ్ళని చాలామందిని చూశాను. వంద దగ్గర వచ్చే ప్రతి ప్లస్సూ వసూలు చేయని పన్నే.

హాప్స్_రైతు · 11.40

అంతా నిజమే గానీ ప్రభువు గారి పద్ధతికి ఒక్కచోట విలువ ఉంది. శత్రువు వోల్ఫ్ గోడ కిందకి వచ్చేశాడు, ఆయుధాల గది ఖాళీ. మెర్సినరీ పోస్టులో (కిరాయి సైనికులు దొరికే చోటు) అరబ్బు విలుకాడు 75 బంగారం, ఆయుధం అడగడు. ఆ మూడు నెలల 600తో ఎనిమిది మంది గోడ మీద నిలబడతారు. అప్పుడు సగటు ఎవడికి కావాలి?

పీకుడు_ప్రభువు · 11.43

అదే నేను చెప్పేది మొదట్నుంచీ.

లెక్కల_పిచ్చి · 11.50

మొదట్నుంచీ మీరు చెప్పింది అది కాదు. కానీ అది మాత్రం ఒప్పుకుంటున్నా.

సీడెడ్_చిన్నోడు · మధ్యాహ్నం 1.15

నేను చెన్నైలో ఉంటా, ఊరు అనంతపురం దిక్కు. ఈ లెక్క చదువుతుంటే మన్రో దొర గుర్తొచ్చినాడు. ఐలాండ్ గ్రౌండ్స్ దగ్గర గుర్రం మీద విగ్రహంగా ఉంటాడే, ఆ ఇంగ్లీషు దొరే. రోజూ ఆఫీసు బస్సు ఆ పక్కగానే పోతుంది.

1800 నుంచి 1807 దాకా దత్త మండలాలకి, అంటే మా రాయలసీమ దిక్కుకి, ప్రిన్సిపల్ కలెక్టరు ఆయన. అప్పటి శిస్తు కట్టలేక రైతులు భూములు వదిలేసి పోయేవాళ్ళు. పోయేటప్పుడు 1807లో కంపెనీకి రాసిన మాట: శిస్తులో నాలుగో వంతు తగ్గించండి, సాగు పెరుగుతుంది, రాబడి దానంతట అదే కుదురుకుంటుంది. అప్పుడు వినలేదు. 1820లో ఆయనే మద్రాసు గవర్నరై వచ్చినాక గానీ ఆ తగ్గింపు కదల్లేదు. మళ్ళీ మా దిక్కు తిరగడానికి వచ్చి 1827లో పత్తికొండలో కలరాతో పోయినాడు.

లెక్కల అక్క చెప్పిన 'లో' మెట్టు ఇదే కదబ్బా. రేటు దించి తలలు పెంచుకోవడం.

వేదిక_నిర్వాహకుడు · 1.40

చరిత్ర బాగుంది, కానీ దారం మన్రో మీదికి మళ్ళితే వేరే గదిలో మాట్లాడుకోండి. ఇక్కడ శిస్తు నాణేలు పిక్సెళ్ళే.

కోట_కాపరి · 2.05

నిర్వాహకుడు గారూ, చిన్నోడి మాట దారి తప్పలేదు. ఆటలో పన్ను భూమి మీద కాదు, తల మీద. మన జీతం స్లిప్పులో నెలనెలా పోయే ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 లాగా. వాడు ఆయుధాలు చేస్తున్నాడా, మంట దగ్గర చలి కాచుకుంటున్నాడా అని గుమాస్తా చూడడు, పనిలేనివాడూ కట్టాల్సిందే. అందుకని రాబడి పెంచాలంటే తేలిక దారి ఇంకో గుడిసె. ఒక్కో గుడిసెకి ఎనిమిది మంది. లో పన్ను మీదే నెలకి దాదాపు అయిదు బంగారం, పాపులారిటీకి ఒక్క పాయింటు కూడా నష్టం లేకుండా.

తిండి మాత్రం ఎనిమిది నోళ్ళకి పెరుగుతుంది. ఇన్ లెక్క కూడా జారుతుంది: 90 మందికి మూడు ఇన్‌లతో +8 ఉన్నది, ఒక్క గుడిసె పెరిగి 98 అయితే అందరికీ అందదు, +6కి పడిపోతుంది. గుడిసె కట్టిన నెలలోనే పాపులారిటీ ఎందుకు తగ్గిందో అర్థం కాక తల పట్టుకునేది ఇక్కడే.

మారతహళ్లి_మొనగాడు · సాయంత్రం 5.30

చదివాను అందరివీ, రెండుసార్లు. మా పీజీ ఓనరుకి ఈ దారం పంపించాలని ఉంది. నాలుగు రకాలు వండి అద్దె పెంచితే ఎవడూ పోడు. ఈయన రోజూ పప్పు ఒక్కటే పెట్టి మీన్ మెట్టు ఎక్కాడు, మూడో అంతస్తు అప్పుడే సగం ఖాళీ.

ఒక అనుమానం. సైనికుల్ని చేర్చుకుంటే రాబడి తగ్గుతోంది. అది కూడా పాపులారిటీ వల్లేనా?

హాప్స్_రైతు · 5.48

కాదు. సైనికుడు అయ్యేవాడు నీ జనంలోంచే లేస్తాడు. ఆ క్షణం నుంచి పన్ను కట్టడు. తిండీ తినడు, అది వేరే అదృష్టం. ఇరవై మందిని ఒకేసారి లేపితే ఇరవై మంది కట్టే పన్ను ఆగుతుంది. పాపులారిటీ 50 పైన ఉండి గుడిసెల్లో చోటుంటే వాళ్ళ జాగాలోకి కొత్తవాళ్ళు వస్తారు, కానీ ఒక్కొక్కరుగా నడిచి వస్తారు. యుద్ధం ముందు నెలలో పాపులారిటీ 51 దగ్గర ఉంచుకోవద్దు అనేది అందుకే.

వేళచేరి_వెన్నెల · రాత్రి 8.10

ఆలస్యంగా వచ్చాను. ఇదే సుఖదుఃఖాల లెక్క కొత్త ఆటల్లో ఎలా ఉందో చెప్పనా? 2024 ఏప్రిల్‌లో ఎర్లీ యాక్సెస్‌కి వచ్చిన మేనర్ లార్డ్స్‌లో అప్రూవల్ 50 శాతం దాటితే నెలకి ఒక కుటుంబం వస్తుంది, 75 దాటితే రెండు. అంటే అక్కడ 50కీ 75కీ మధ్య ఉన్నదంతా పన్నుగా పిండుకోవచ్చు, 74 దగ్గర ఉండటం శుద్ధ దండగ. ఆనో 1404లో ఒక్కో వర్గానికి విడి పన్ను స్లైడర్ ఉండేది, పేదవాణ్ణి వదిలి ధనవంతుణ్ణి పిండే వీలుండేది. ఆనో 1800 వచ్చేసరికి ఆ స్లైడరే పీకేశారు. నాకు అది నచ్చలేదు. జనం మీద చెయ్యి వేసే మీట లేకపోతే ప్రభువు దేనికి?

సిటీస్ స్కైలైన్స్ ఆడేవాళ్ళు మొదట్లో ఇచ్చే 9 శాతాన్ని దేవుడి మాటలా ముట్టుకోరు. దాన్ని 29 దాకా లాగొచ్చని సగం మందికి తెలియదు.

పీకుడు_ప్రభువు · 8.15

29? ఆ ఆట ఈ రాత్రికే డౌన్‌లోడ్ చేసుకుంటున్నా.

మారతహళ్లి_మొనగాడు · 9.40

ఇప్పుడే ఒక ఆట అయింది. పీకిన ఉరికంబాల చోట తోటలు వేశాను. చీజ్, ఆపిల్, మాంసం: +2. ఇన్‌లు రెండు, జనం 85, సగానికి పైనే అందుతోంది కానీ ముప్పావుకి కొద్దిలో తగ్గింది, +4. తోటలతో +1. మొత్తం +7. పన్ను హై, -6. పాపులారిటీ +1తో పాకుతోంది, నెలకి 85 బంగారం. ఒక్కడూ పోలేదు.

మూడో ఇన్ కడితే +8 కదా, అప్పుడు ఎక్స్‌టార్షనేట్‌కి వెళ్ళిపోనా?

లెక్కల_పిచ్చి · 9.58

+8 వస్తే మొత్తం +11. ఎక్స్‌టార్షనేట్ -12, కాబట్టి నెలకి -1, వెళ్ళొచ్చు. రాబడి 119 అవుతుంది. కానీ ఆ మూడో ఇన్‌కి సరిపడా ఏల్ నిలవ ఉందో లేదో చూసుకుని వెళ్ళు. ఒక్క నెల పీపాలు అయిపోతే +8 పోయి -9 అవుతుంది.

కోట_కాపరి · 10.04

తోట కూడా ఒక్క మెట్టు దగ్గరే ఆపు. ఇంకా వేస్తే పని మందగిస్తుంది, ముందు ఎండేది బ్రూవరీయే.

హాప్స్_రైతు · 10.06

బ్రూవరీ ఎక్కడ కట్టావో స్క్రీన్‌షాట్ పెట్టు.